పొయ్యి పక్క గాలి కంత

మావయ్యా,

బడిలో పనికి వెళ్తున్నాను. నాలుగింటికి వస్తాను. ఈ రోజు చలికని కట్టెల పొయ్యి వెలిగించకండి. పొగగొట్టం శుభ్రం చేసే మనిషి గురువారం గాని రాడు. అంతవరకు మీ గదిలో పెట్టిన కరెంటు హీటరుతో సరిపెట్టుకోండి. చీజ్ రోల్స్ ఫ్రిజ్‌లో ఉన్నాయి.

పొయ్యి పక్క గోడకున్న గాలి కంతలో మీరు కుక్కిన పేపర్లు మళ్ళీ తీసేశాను. "వెచ్చదనానికని పైకప్పు నిండా గొర్రెబొచ్చు పరిపించి గోడకు కంత ఉంచుతావేమిటమ్మాయ్? వీధిని వెచ్చబెడతామా?" అని నిన్న నవ్వారు. నేనూ నవ్వాను. కానీ చలికాలం వస్తోందని తలుపుల సందులు, కిటికీల సందులు అన్నీ మూయించాం. ఇంట్లోకి గాలి వచ్చే దారి ఇప్పుడు అదొక్కటే. పొయ్యిలోంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు.

ఆ వాయువును పసిగట్టే అలారంలో బ్యాటరీ తిరిగి వేశాను. "దాని గోల భరించలేక నోరు మూయించా" అన్నారు. నిన్న అది ఊరికే అరవలేదు. పొద్దుటి నుంచీ తలనొప్పిగా ఉందని మీరే చెప్పారు.

ఐల్సా

మరొక మాట. పన్నెండింటికి ఎదురింటి ఏవిస్ వచ్చి తలుపు తడుతుంది. కుర్చీలోంచి "బతికే ఉన్నాలే, పో!" అని కేకేయకండి. లేచి వచ్చి తలుపు తీయండి. పోయిన జూన్ చలికాలంలో డగల్ చనిపోయిన రోజు, షెడ్డు సందులన్నీ మూసుకుని లోపల గ్యాస్ హీటరు పెట్టుకున్నాడు. మధ్యాహ్నం నేను ఆ తలుపు దాకా వెళ్ళి, తట్టకుండానే వెనక్కి వచ్చాను. మీ అబ్బాయి నిద్రపోతున్నాడనుకున్నాను.