తేలికైన కాన్పు

వదినగారికి నమస్కారాలు.

ఫోన్‌లో మీరు ఏడవడమే తప్ప నన్ను చెప్పనివ్వలేదు, అందుకే రాస్తున్నాను. మనవరాలు పావు తక్కువ రెండు కిలోలే ఉందని గాజుపెట్టెలో పెట్టారు గానీ, మీ శ్రీసత్యకు కాన్పు ఎంత తేలిగ్గా అయిందో చూడండి. కడుపులో బిడ్డ పెరిగిపోతే కష్టమని ఐదో నెల నుంచే తిండి తగ్గించాను. "ఆకలేత్తంది అత్తా" అని అడిగేది. మనసు రాయి చేసుకున్నాను. ఒళ్లు వంగాలని ఆటోనగర్ షెడ్డులో పని కూడా మాన్పించలేదు. ఏడో నెలలో మీతో పుట్టింటికి పంపి ఉంటే గారాబం చేసి తెగ తినిపించేవారు.

ఆసుపత్రిలో నర్సు "కోడలికి కూడెట్టనేదేటమ్మా?" అని అందరి ముందూ అడిగింది. మీ వైపు అందరూ అర్భకులేనని సర్దిచెప్పాను. మీరేమీ అనుకోకండి.

ఒక సాయం కావాలి. మీ ఆనందపురంలో నాటుకోడి గుడ్లు, మంచి నెయ్యి దొరుకుతాయి కదా, కాస్త పంపండి. మా అమ్మాయి గంగాభవానికి ఐదో నెల. దాని అత్తగారు తిండి తగ్గించమంటోందట. అలాంటి మనిషి దగ్గర పిల్లనెలా ఉంచను? రేపే ఇంటికి తెచ్చేసుకుంటున్నాను.

మీ మేలు కోరే
వియ్యపురాలు