చెంబులో చీటీలు

7 జూన్ 1981, ఆదివారం
కోట చూసి వచ్చాం. చూసి వచ్చాం అని రాయడానికి సిగ్గుగా ఉంది — చూసింది రమేశ్ ఒక్కడే. తొమ్మిదేళ్లవాడు, రాయి కనిపిస్తే ఎక్కాల్సిందే. నిక్కరు వెనక చిరిగింది. నాలుగేళ్ల చిన్ని రిక్షా దిగేసరికే నిద్ర. తోరణం నీడలో దాన్ని ఒళ్లో వేసుకుని గంటన్నర కూర్చున్నాను, కాళ్లు తిమ్మిరెక్కాయి. సుజాతకు పద్నాలుగు. దూరంగా రాతి మీద కూర్చుని పుస్తకం. పులిహోర తింటావా అంటే, ఆకలైతలేదు. ఫొటో తీసేవాడు పిలిస్తే మొహం తిప్పుకుంది.
ఆయన మాత్రం ఇంటికొచ్చి అత్తమ్మతో, అందరం మస్తు తిరిగినం అని చెప్పారు.

9 జూన్
సుజాత ఈమధ్య నాతో మాట్లాడదు. అడిగినదానికి ఒక ముక్క, అంతే. జ్వరమేమోనని నుదురు తాకితే నా చెయ్యి తీసేసింది. పోయిన ఏడాది వరకు బడిలో జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేది, ఇక చాలు తల్లీ అనేదాన్ని. ఇప్పుడు నాకదే బెంగ. ఎక్కడికి తీసుకుపోతే మళ్లీ మాతో కలిసి నవ్వుతుంది...

11 జూన్
కందిపప్పు పొట్లం కాగితం మీద రాసుకుని చూశాను. పాకాల చెరువు — చిన్నికి బస్సు పడదు, నర్సంపేట దాకా కూడా వాంతి ఆగదు. వేయి స్తంభాల గుడి — రమేశ్‌ను బడివాళ్లు రెండుసార్లు తీసుకుపోయారు, మళ్లీనా అంటాడు. సినిమా — చీకటైతే చిన్ని ఏడుపు. పైగా సుజాత చూడాలన్నది వాళ్ల బాపుకు పడదు, బాపు చూపించేది సుజాతకు పడదు.
ముగ్గురికీ నచ్చే చోటు ఈ ఓరుగల్లులో లేదు. కాగితం పొయ్యిలో వేశాను.

14 జూన్, ఆదివారం
మా ఆయనకు తెలివి అప్పుడప్పుడు అన్నం తింటూ ఉండగా వస్తుంది. ఈ రోజు వచ్చింది. పిల్లలు తలా ఒక చీటీ రాయాలట. ఇత్తడి చెంబులో వెయ్యాలట. నెలకొక ఆదివారం తన మిరపకాయల దుకాణం బంద్. ఒక చీటీ తియ్యడం, అందులో ఏముంటే అది అందరూ చెయ్యడం. మూతి ముడవడాలు లేవు.
"ఏది రాస్తె అదేనా?" — సుజాత. ఎన్నాళ్లకు ఒక ప్రశ్న అడిగింది.
"ఏది రాస్తె అదే బిడ్డా. ఎన్కకు పోయేది లేదు."
చిన్నికి రాయడం రాదు కాబట్టి బొమ్మ వేసింది. సుజాత తలుపు చాటుకు పోయి రాసింది. చీటీని ఎన్ని మడతలు పెట్టిందో, ఆఖరుకు వక్కంత అయింది.

28 జూన్, ఆదివారం
మొదటి చీటీ రమేశ్‌ది. కాజీపేట స్టేషన్! ఊరూ కాదు, గుడీ కాదు, ఉత్త స్టేషన్. ప్లాట్‌ఫారం టికెట్లు తీసుకుని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఇంజన్లు చూశాం. వాడు మొహమంతా మసి పూసుకున్నట్టు చేసుకుని వచ్చాడు. చిన్ని ప్రతి రైలుకూ చెయ్యి ఊపింది. నాకూ బాగుంది, కూర్చుని తినడం తప్ప పనేం లేదు కదా.
సుజాత చివరి బెంచీ మీద కూర్చుంది. మేం అటు జరిగాం. తను ఇంకొంచెం అటు జరిగింది.

19 జూలై, ఆదివారం
చిన్ని బొమ్మ వచ్చింది. కింద ఒక పలక. పలక నాలుగు మూలల నుంచీ పైకి నాలుగు గీతలు, పైన ఒక్క చోట కలిశాయి. మధ్యలో గుండ్రటి మొహం.
అత్తమ్మ — గుట్ట మీద పద్మాక్షమ్మ, లోపల ఉన్నది అమ్మవారు. రమేశ్ — సర్కస్ డేరా. ఆయన — చేనుకాడి గుడిసె. చిన్నినే అడిగాం. "గదే" అంటుంది. గదే అంటే ఏంది బిడ్డా? "గదే గద!" మాకు తెలిసి కూడా ఆట పట్టిస్తున్నామని దాని కోపం.
పెద్దావిడ మాట కాదనలేక పద్మాక్షి గుట్టకు పోయాం. మోకాళ్ల నొప్పులని అత్తమ్మ మాత్రం రాలేదు; మేం ఎటు పోయినా పక్కింటామె వచ్చి ఆమెకు తోడుంటుంది. మెట్లన్నీ చిన్నిని ఎత్తుకుని ఎక్కింది నేను. పైకెళ్లాక అది చుట్టూ చూసి, "గిది గాదు."

22 జూలై
సర్కస్ ఊళ్లోకి రాలేదు. కనుక్కున్నాం.

2 ఆగస్టు
సుజాత పట్టుకుంది! బియ్యం డబ్బా మూత మీద హోంవర్కు చేసుకుంటూ, గోడకు అంటించిన బొమ్మ వంక తలెత్తి చూసి, ఉన్నట్టుండి — "అమ్మా, గది బాపు దుకాన్ల కాంటా."
నిజమే. చెక్క పళ్లెం, నాలుగు గొలుసులు, పైన కొక్కెం. టిఫిన్ డబ్బా ఇవ్వడానికి పోయినప్పుడు ఒకసారి వాళ్ల బాపు చిన్నిని అందులో కూర్చోబెట్టి ఊపారు. ఎప్పటి మాటో. ఆ మొహం అమ్మవారిది కాదు, చిన్నిదే.
మేం పెద్దవాళ్లం ముగ్గురం ఊరంతా వెతికాం. అది అడిగింది వాళ్ల నాన్న దుకాణం.

16 ఆగస్టు, ఆదివారం
దుకాణం తలుపు సగం తెరిచి అత్తమ్మ తప్ప అందరం లోపల. మిరపకాయల ఘాటుకు తుమ్ములే తుమ్ములు. చిన్ని పళ్లెంలో మహారాణి. పన్నెండున్నర కిలోలు. తర్వాత రమేశ్, తర్వాత మళ్లీ చిన్ని. సుజాతను కూర్చోమంటే వద్దంది. కానీ అవతలి పళ్లెంలో తూకం రాళ్లు పెట్టింది అంతా అదే. ఆయన తుమ్మినప్పుడల్లా ముల్లు ఊగుతుంటే, "బాపు, నువ్ తుమ్మకు, చెల్లె బరువు మారుతాంది" అని నవ్వింది. పళ్లు కనపడేలా నవ్వింది. ఇంటికొచ్చాక కూడా నా చెవుల్లో ఉంది ఆ నవ్వు.
మిగిలింది దాని చీటీయే. ఏం రాసిందో. ఎంత దూరమైనా సరే, చిన్నికి నిమ్మకాయ ఇచ్చి బస్సెక్కిస్తాను.

13 సెప్టెంబరు, ఆదివారం
మడతలు విప్పడానికే అంతసేపు పట్టింది. రమేశ్ పైకి చదివాడు.
"ఆ దినం మీరందరు ఎటన్న పోవాలె. ఇంట్ల నేనొక్కదాన్నే ఉండాలె. పొద్దుగూకేదాంక."
సుజాత గోడ వైపు చూస్తోంది, చెవులు ఎర్రగా అయ్యాయి. ఆయన చీటీ తీసుకుని వెనక్కి తిప్పి చూశారు, ఇంకేమైనా రాసి ఉందేమోనని. ఈ రోజు ఎక్కడికీ పోలేదు.

14 సెప్టెంబరు
పచ్చడి నూరుతూ ఏడ్చాను. మిరపకాయ కళ్లలో పడిందన్నాను. దానితో కలిసి ఉండాలని నేను ఊళ్లన్నీ వెతుకుతుంటే, అది మేం లేని ఇల్లు కోరుకుంది. నేనేం తక్కువ చేశాను?

15 సెప్టెంబరు
రెండు గదులు. ఆరుగురం. సుజాత పడుకునేది అత్తమ్మకూ గోడకూ మధ్య. రాసుకునేది బియ్యం డబ్బా మూత మీద. బట్టలు మార్చుకోవాలంటే అందరినీ బయటికి పొమ్మనాలి, లేదంటే చీర అడ్డం కట్టాలి. అద్దం చూసుకుంటే రమేశ్ వెక్కిరింపు.
నా మీద కోపం కాదేమో. దానికి ఇంట్లో చోటు లేదు. పద్నాలుగేళ్లూ నాకు ఇది తట్టలేదు.

16 సెప్టెంబరు
ఆయనతో మాట్లాడాను. సరే కానీ, మా అమ్మను ఇంట్లో ఉంచి మనం పోదాం అన్నారు. ఒక్కదాన్నే ఉండాలె అని కదా రాసింది, ఎన్కకు పోయేది లేదన్నది మీరే కదా అన్నాను. ఆడపిల్లను ఒక్కదాన్ని వదిలి పోతే నలుగురూ ఏమంటారు అన్నారు. నాకూ భయమే, ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.
సుజాత ఒక్క మాట అడగలేదు. అడిగినా బాగుండేది.

18 సెప్టెంబరు
అత్తమ్మ ఒప్పుకోరు అనుకున్నాను. మోకాళ్ల పేరు చెప్పి గడప దాటి రెండేళ్లు. పైగా మనవరాలి మాటకు ఇల్లు వదలడమా. భయపడుతూ భయపడుతూనే అడిగాను. ఆకుకు సున్నం రాస్తున్న చెయ్యి ఆగిపోయింది.
"నేను గీ ఇంటికచ్చి నలభై రెండేండ్లు. ఒక్కపూట ఒక్కదాన్ని లేను."
ఫిర్యాదులా అనలేదు. అప్పుడే లెక్క తేలినట్టు అన్నారు. ఆకు మడిచి నోట్లో పెట్టుకుని, పోదం తీ, ఎటు పోవుడు అని అడిగారు.

20 సెప్టెంబరు
ఎటు పోవడం? నాలుగేళ్ల నుంచి అరవై రెండేళ్ల దాకా సరిపడాలి ఇప్పుడు. స్టేషన్ ఘన్‌పూర్‌లో అత్తమ్మ చెల్లెలు పోశమ్మత్త ఉంది. రైలు — చిన్నికి వాంతి రాదు, రమేశ్‌కు పండుగ. స్టేషన్ దాకా రిక్షా — మోకాళ్లకు. అక్కడ చేను, మేకలు, చెల్లెలితో కబుర్లు. ఆయనకు నిద్ర.
ఇంత సులువుగా కుదిరిన ప్రయాణం లేదు. ఒక్క మనిషి లోటు, అంతే.

27 సెప్టెంబరు, ఆదివారం
పొద్దున ప్యాసింజర్‌కు పోయాం. పక్కింటామెకు ఒక మాట చెప్పి పోదామని ఆయన. చెబితే ఆమె అరగంటకోసారి తలుపు కొడుతుంది, ఇక ఒక్కతే ఉన్నట్టెక్కడ? వద్దన్నాను. గడప దగ్గర సుజాతకు వంద జాగ్రత్తలు చెబుదామని నోరు తెరిచి, "గొళ్లెం పెట్టుకో" అని ఒక్కటే చెప్పి మెట్లు దిగాను. రిక్షా మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను.
ఘన్‌పూర్‌లో కాల్చిన మక్క కంకులు. చిన్ని మేకపిల్లను వదలదు. రమేశ్ మోటబావి దగ్గరికి పోకుండా కాపలా. అక్కచెల్లెళ్లిద్దరూ మంచం మీద ఒకరి చెవిలో ఒకరు, మధ్యమధ్య పకపకా నవ్వులు — అత్తమ్మ అలా నవ్వగలదని నాకు తెలియదు. నాకు మాత్రం ఏ పని చేస్తున్నా మనసులో ఇంటి గొళ్లెమే.
సాయంత్రం రైలు నలభై నిమిషాలు ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద ఆయన అటూ ఇటూ. "తప్పు చేసినమా" అన్నారు మెల్లగా. నేను చిన్నిని ఇంకో భుజానికి మార్చుకున్నాను.
తలుపు కొట్టగానే తీసింది. దీపం పెట్టి ఉంది. తలంటుకున్న జుట్టు విరబోసి ఉంది. గోడకు నిలబెట్టి ఉండే మంచం నడి ఇంట్లో, సరిగ్గా ఫ్యాను కింద. వాళ్ల బాపు రేడియో దాని మీద. రోజూ ఫ్యాను కింద పడుకునేది అత్తమ్మ, చిన్ని.
"ఏం జేసినవ్ అక్కా?" — చిన్ని.
"ఏం జెయ్యలే." చిన్నిని ఎత్తుకుని గిర్రున తిప్పింది.
నేనూ అడగలేదు. నాకు అక్కర్లేదు కూడా.

30 సెప్టెంబరు
గోకరకాయ తుంపుతుంటే సుజాత పక్కన వచ్చి కూర్చుంది. లెక్కల టీచరమ్మ సంగతి, ముందు బెంచీ పిల్ల సంగతి, ఇంకా ఏవేవో. కూర అడుగంటింది. ఎవరూ ఏమీ అనలేదు, తిన్నారు.

4 అక్టోబరు, ఆదివారం
చెంబు ఖాళీ అయిందని రమేశ్ గోల. మళ్లీ చీటీలు. రాసినవాళ్లు రాసినట్టు వేసేశారు. అత్తమ్మ ఎందుకో చెంబు ఉన్న అర చుట్టే తిరుగుతున్నారు, తుడవాలట.
అందరూ పడమటి వీధి బొమ్మలకొలువు చూడ్డానికి పోయాక నేనూ ఒక కాగితం ముక్క చింపాను. ముప్పై మూడేళ్లు వచ్చాయి, నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. ఏం రాశానో ఇక్కడ రాయను. డైరీకి కూడా అన్నీ తెలియాలా! నాలుగు మడతలు పెట్టి వేశాను.

18 అక్టోబరు, ఆదివారం
ఈ రోజు తియ్యాలి. పిల్లలు లేవకముందే చెంబు దించి చూశాను, నాది పైకి రాకుండా అడుక్కు తోద్దామని. ముగ్గురివి మూడు, నాది ఒకటి. నాలుగుండాలి.
ఐదు.
ఐదోది మెత్తటి కాగితం, వంకరటింకర మడతలు. పైన సున్నం వేలిముద్ర. అత్తమ్మకు అక్షరం రాదు. లోపల ఏం ఉందో... గీతా, బొమ్మా, ఉత్త కాగితమా. విప్పుదామనుకున్నాను. చిన్ని బొమ్మను మేం ఎన్ని రకాలుగా చదివామో గుర్తొచ్చింది. విప్పలేదు.
లోపలి నుంచి దగ్గు వినిపించింది. అత్తమ్మ లేచారు. చెంబు మళ్లీ అర మీద పెట్టాను.
చిన్ని చేత తీయిద్దాం అంటున్నారు ఆయన. అది చెంబులో చెయ్యి పెట్టి కలుపుతోంది, ఇంకా కలుపుతోంది. అత్తమ్మ చూపు చెంబు మీదే. నా చూపు కూడా...