మొంగో అనేదాకా ముట్టని కాఫీ

ఏమండీ, మీ సుంబెర్‌జాతి నిజంగానే ఉంది! మీరు చదవరని తెలిసీ, ఇది చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

పెళ్లికి ముందు మూడేళ్లు జావాలో మీరు చెరకు ఫ్యాక్టరీలో పనిచేసిన పల్లె అది. మనవాళ్లెవరూ ఆ పేరే వినలేదు. అక్కడ ఇంటివాళ్లు “మొంగో”, అంటే తీసుకోండి, అనేదాకా అతిథి గ్లాసు ముట్టుకోడని చెప్పి, ముప్పై ఏళ్లు నాచేత రోజూ ఆ మాట అనిపించారు. అనకపోతే కాఫీ చల్లారిపోయినా తాగేవారు కారు. అదంతా మీ కల్పనేనని ఇన్నాళ్లూ నా అనుమానం.

ఈ సాయంత్రం ఇర్వింగ్‌లో, అమ్మాయి వాళ్ల అపార్ట్‌మెంట్‌లో కింద ఉండే సుమార్ని అనే పిల్ల నన్ను కాఫీకి పిలిచింది. గ్లాసు ముందు పెట్టి, “మొంగో, ఆంటీ” అంది. ఉలిక్కిపడ్డాను!

“సుంబెర్‌జాతి తెలుసా?”

“మా అమ్మమ్మ ఊరు ఆంటీ! మీకెలా తెలుసు?” అంటూ అప్పటికప్పుడు వీడియో కాల్ చేసింది.

అక్కడ అప్పుడే తెల్లారింది. అమ్మమ్మ ఫోన్ పట్టుకుని వీధిలోకి వచ్చి అన్నీ చూపించింది. టేకు చెట్లు, చెరకు తోటలు, వెనక ‘లావు’ అని మీరు పేరు చెప్పిన కొండ, మీ ఫ్యాక్టరీ పొగగొట్టం! అచ్చం మీరు చెప్పినట్టే. నేను ఫోన్‌కే దండం పెట్టేశాను, నవ్వకండి.

ఆసుపత్రిలో ఆ చివరి ఉదయం ఫ్లాస్కులోంచి కాఫీ పోసి, డాక్టర్ పిలిస్తే ఆ మాట అనకుండానే పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి గ్లాసు నిండుగా అలాగే ఉంది.

ఇదిగో, ఇప్పుడే వేడిగా పోశాను. మొంగో.