నోవహుకు చోటు

చర్చి అయ్యగారికి వందనాలు. నేను నేరేడ్‌మెట్‌లో ఉండే సువార్తమ్మను. నాకు అరవై ఎనిమిదేళ్లు. ఇంట్లో నేనూ, నా కొడుకు నోవహూ, అంతే. నిన్న నిజాం రాజ్యంలోకి ఇండియన్ యూనియన్ పటాలాలు వచ్చిన గడబిడలో, ఎవరి తుపాకో తెలియదు, వాడు రోడ్డు మీదే పోయాడు. శవం ఇంట్లో ఉంది.

దేవుడు లేడన్నవాడికి మన సమాధుల తోటలో చోటు లేదని మీరు కబురంపారు. వాడు ఆ మాట అన్నది నిజమే. "దేవుడు లేడు, ఆత్మ లేదు, ఊకో అమ్మా" అని నాతోనూ అనేవాడు. "అయితే నువ్వు సుత లేవురా, బువ్వ అడగకు" అని తిట్టేదాన్ని.

ఇప్పుడు నాకు భయమేస్తోంది అయ్యగారూ. వాడి మాటే నిజమైతే నా బిడ్డ ఇక ఎక్కడా లేడు. అది నేను ఒప్పుకోను. వాడి ఆత్మ ఉండే ఉంటుంది. ఉంటే దానికొక దిక్కు ఉండాలి. ఆ దిక్కే దేవుడు. వాళ్ల తగువు వాళ్లిద్దరూ తేల్చుకుంటారు, మధ్యలో మీరెందుకు?

కర్ఫ్యూ పెట్టకముందే తోట తాళం తీయించండి. ప్రార్థన మీరు చేయకపోతే నేనే చేస్తాను. ఆయన ఉన్నాడో లేడో, గట్టిగా అరిచి చేస్తాను.

ఇది సువార్తమ్మ వేలిముద్ర.
చెప్పింది చెప్పినట్టు రాసినది: టీచరమ్మ ప్రేమమణి.
సాక్షులు: యెషయా, పక్కింటి పర్వతాలు.