మోహన్‌కు పంపిన పచ్చడి జాడీలు

ప్రత్తిపాడు, 1987 జూన్, గురువారం

మా సుజాతకు కంప్యూటర్ ఉద్యోగం వచ్చింది. గుంటూరులో పరీక్ష రాసిన అంతమందిలో నా బంగారుతల్లే ఫస్టు. ఆనందంతో అన్నం సహించలేదు.

కానీ సాయంత్రం జరిగింది తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. మా అమ్మాయితోపాటు కంప్యూటర్ నేర్చుకున్న మోహన్ వచ్చాడు. "అంతా నీ చలవే బాబూ" అంటూ ఎదురెళ్ళాను.

అతను కుర్చీలో జారగిలబడి, "ఏడాదిగా మీ అమ్మాయి దగ్గరికి నేను ఎవర్నీ రానివ్వలేదండీ. ప్రోగ్రాములన్నీ నేనే టైపు చేసిపెట్టాను. ఇప్పుడు సినిమాకి రమ్మంటే రానంటోంది. మీరన్నా చెప్పండి" అన్నాడు.

సుజాత గుమ్మంలోంచే అంది: "నన్ను కుర్చీలోంచి లేపి మరీ టైపు చేసేవాడు నాన్నా. అతను వెళ్ళాక అదంతా చెరిపేసి మళ్ళీ నేనే రాసుకునేదాన్ని."

"మరి మీరు నెలనెలా పచ్చడి ఎందుకు పంపారండీ?" అని నన్నడిగాడు.

అతని సాయం వద్దని అది మొత్తుకున్నప్పుడు, "మగపిల్లాడు మర్యాదగా చూసుకుంటుంటే నీకెందుకే అంత పొగరు" అని కసిరాను. పండుమిరప పచ్చడి జాడీ దాని చేతికే ఇచ్చి పంపాను.

"పచ్చడి పంపింది నేను బాబూ, అమ్మాయి కాదు. ఇక వెళ్ళు" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఏడాది పట్టింది.

పొద్దున్నే ఉత్తరాలు రాయాలి. మోహన్ దయవల్లే చదువుతోందని ఇదివరకు నలుగురికి గొప్పగా రాశాను. అది తప్పనీ, తనంతట తానే గెలిచిందనీ ఆ నలుగురికీ తెలియాలి: సింగరాయకొండ అక్కయ్యకు, వేటపాలెం బావగారికి, తెనాలి తమ్ముడికి, పెద్దమ్మాయి అత్తగారైన నరసరావుపేట వియ్యపురాలికి.