మోతె బడికి తెచ్చిన రూటర్

శుక్రవారం, సూర్యాపేట

పొద్దటి పూట సెలవు పెట్టి, మా మోతె బడి కంప్యూటర్ ల్యాబ్‌కు రూటర్ కొందామని కోదాడ పోయిన. పాతదానికి కంపెనీ అప్‌డేట్లు బంద్ చేసింది. అందుకే ఈసారి కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి, అందరికీ ఉచితంగ దొరికే ఓపెన్ సోర్స్‌ది ఎక్కించుకునే రూటరే కావాలనుకున్న.

మోడల్ పేరు చూస్తే సరిపోదు. అదే పేరుతోని లోపలి చిప్ మారుస్తరు, మారితే ఈ సాఫ్ట్‌వేర్ ఎక్కదు. వెర్షన్ నంబర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటది. "రెండూ ఒకటేనండీ" అన్నడు షాపాయన. నమ్మక రెండు డబ్బాలు విప్పించి, బోర్లేసి సూసిన. మొదటిది పనికిరాదు. రెండోది, ఈ సాఫ్ట్‌వేర్ ఎక్కేవని నేను రాసుకపోయిన లిస్టులో ఉన్నదే. గెలిచినంత సంబురమైంది.

మధ్యాహ్నం బడికి పోయి హెడ్మాస్టర్ సుజాత మేడంకు ఇదంతా చెప్పిన. ఆమె ఓపికగ విని, "మంచిదే సారూ. మీకు ట్రాన్స్‌ఫర్ అయితే దీన్నెవరు సూడాలె?" అన్నది.

కంపెనీ మీద ఆధారపడొద్దని ఇంత తిరిగిన. తీరా చూస్తే బడిని నా మీద ఆధారపడేటట్టు చేస్తున్న. నేను పోయినంక పిల్లల ల్యాబ్ బంద్ అయితే, ఆ కంపెనీకీ నాకూ ఫరకేంది?

లెక్కల టీచర్ రజితకు కంప్యూటర్ ముట్టాలంటేనే భయం. తప్పు ఫైలు ఎక్కితే రూటర్ ఖతం. అయినా రేపు కొత్త సాఫ్ట్‌వేర్ ఆమెతోనే ఎక్కిపిస్త. నేను పక్కన కూసుంట, మౌస్ ముట్ట.

నా చెయ్యి ఊకుంటదో లేదో.