బంతిలో కుర్చీ

శనివారం, పామిడి

బడికి నేను బోరు వేయించినానని ఈ పొద్దు ఊర్లో భోజనాలు పెట్టినారు. ఆడోళ్ల బంతిలో ఓబులమ్మ పక్కన కూచోబోతి. చిన్నప్పుడు నన్ను చనువుగా "మే" అని పిలిచిన మనిషే, దిగ్గున లేసింది.

"నువ్వు కింద కూచునేదేందమ్మా! కుర్చీ తేండప్పా!"

బంతంతా లేసి నిలబడింది. కుర్చీలో ఒక్కదాన్నే తిన్నా.

ఇంటికొచ్చి, రోజూ చదువుతాండే, పాతకాలం అమెరికా దొరసాని ఒకామె రాసుకున్న డైరీ పుస్తకం తీసినా. ఎవరికేం దానమిచ్చిందో ప్రతి పేజీలో ఉండాది. ఎవరితో కలిసి తినిందో యాడా లేదు. పాపం అనుకున్నా.

ఊరికే ఉండక నా డైరీ గూడా ఎనక్కి తిప్పినా. బోరు, పుస్తకాలు, కండ్లద్దాలు...

ఈ పొద్దు పేజీలోనన్నా ఓబులమ్మ పక్కన తిన్నానని రాయాలనుకుంటి.